కుడివైపుకు మారిన క్లచ్

మొన్న హన్మకొండ సిగ్నల్ దగ్గర ఒక పాత టూ స్ట్రోక్ మోటార్ సైకిల్ పొగ వాసన తగిలింది. కాశిబుగ్గలో మా ఇంటి ముందు నాన్న బండి విప్పుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు నేను రెండో తరగతి.

అంతకుముందే పవర్‌లూమ్‌లో పడి నాన్న ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. ఆయన ఎడమవైపుండే క్లచ్ పట్టలేకపోవడంతో తాత కొన్న ఆ బండి ఆరు నెలలు మూలన పడింది.

నాన్న చేసిన మార్పులు ఇప్పటికీ వరుసగా చెప్పగలను. క్లచ్ లీవర్‌ను కుడివైపుకు తెచ్చి, బ్రేక్ లీవర్ కిందే బిగించాడు. సీటు కింద ఎడమవైపున్న, బండి స్టార్ట్ చేసే తాళాన్ని హెడ్‌లైట్ పక్కన, కుడిచేతికి అందేలా పెట్టాడు. బొటనవేలు మిగిలింది కనుక హారన్‌ను మాత్రం ఎడమవైపే ఉంచాడు. బండి తయారుచేసినవాళ్ల తప్పును నాన్న దిద్దుతున్నాడని నేను నమ్మాను.

“అన్నీ ఒక్క చేతికే పెడితే ఎట్ల నడుపుతవ్‌రా? అమ్మెయ్,” అన్నాడు పెదనాన్న.

“జర ఆగు అన్నా. ఉన్న చెయ్యికే పని చెప్తాన.”

నాన్న నడిపి చూస్తే రెండుసార్లు బండి కుదుపుతో ఆగిపోయింది. మూడోసారి సందు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. పెదనాన్న వెనక సీటెక్కాడు. “పా, చాయ్ తాగొద్దాం.”

మరునాడు నాన్న నన్ను బడి ముందు దింపినప్పుడు, నా దోస్తు వాళ్ల నాన్న బండి చూసి ఆయనతో చెప్పాను: “అంకుల్, మీ బండిని తప్పుగ చేసిండ్రు. క్లచ్ కుడి దిక్కు ఉండాలె.”

మా నాన్న నవ్వాడు గానీ నన్ను దిద్దలేదు.

తర్వాత నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోవాలని ఇంతవరకూ అనిపించలేదు.