తూము దించకముందే

వినీల ఇప్పుడు లిస్బన్‌లో ఉంది. విదేశాంగ సర్వీసులో చేరినవాళ్ళు మొదటి పోస్టింగులో ఒక పరాయి భాష నేర్చుకోవాలి. ఆమె వంతుకు పోర్చుగీసు వచ్చింది. నది సముద్రంలో కలిసే చోటే వేశారనీ, ఉప్పుగాలి మాత్రం తనకు కొత్త కాదనీ మొదటి వారమే తండ్రికి ఫోన్లో చెప్పింది.

ఆమె పుట్టింది విడవలూరు మండలంలో, పెన్నా కాలవ చివరి ఊళ్ళో. అక్కడికి చేరేసరికి నీళ్ళు అలిసిపోయి, ఆకాశాన్ని మోసుకుంటూ మెల్లగా నడుస్తాయి. ఆ తర్వాత రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, సముద్రం. తండ్రి హజరత్తయ్య కాలవ మీద లస్కరు. తూములు ఎత్తడం, దించడం ఆయన పని. నీళ్ళు తక్కువైన ఏడాది ఎవరి వంతు పోతుందో అందరికన్నా ముందు ఆయనకే తెలిసేది. తూము దించకముందే సైకిలెక్కి ఆ రైతు ఇంటికి వెళ్ళేవాడు. లేదనే మాటను ఎవరూ మూసిన తూము దగ్గర చూసి తెలుసుకోకూడదని ఆయన పట్టుదల. రైతులు తిట్టేవాళ్ళు. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని చిన్నారి వినీల ఆ తిట్లన్నీ విన్నది.

డిగ్రీ అయ్యాక కృష్ణపట్నం రేవులో, ఓడ మనుషుల కాగితాలు చూసే ఆఫీసులో రెండేళ్ళు పనిచేసింది. ఒకసారి ఫిలిప్పీన్స్ కళాసీ ఒకడికి తల్లి పోయిన కబురు వచ్చింది. ఓడ దిగడానికి అతని దగ్గర సరైన కాగితాలు లేవు. మర్నాడు వాళ్ళ దేశ కాన్సులేటు తరఫున ఒకామె చెన్నై నుంచి బస్సులో వచ్చింది, చెప్పుల నిండా దుమ్ముతో. కాగితాలు సిద్ధమయ్యేదాకా క్యాంటీన్లో అతని పక్కనే కూర్చుంది. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో కాస్త మాట్లాడుకున్నారు. ఆ బల్ల చుట్టూ మాత్రం అది వేరే దేశమని వినీలకు తోచింది. ఆ ఉద్యోగానికి ఏం చదవాలో ఆ వారమే కనుక్కుంది. నాలుగో ప్రయత్నంలో సివిల్స్ మెయిన్స్ దాటింది.

ఊరికి ఆ పరీక్షంటే ఒకటే అర్థం, కలెక్టరు. నీటి సంఘం ప్రెసిడెంటు పెంచలప్రసాద్, ఇంటర్వ్యూ కూడా కాకముందే బస్టాండు దగ్గర 'కాబోయే కలెక్టరమ్మ' అని ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆమె కన్నా ఆయన బొమ్మే పెద్దది. ఇక కాలవ మీద మన మనిషి మాట నడుస్తుందని చివరి చేల రైతులు ఆశపడ్డారు.

ఇంటర్వ్యూకి ముందే ఏ సర్వీసు కావాలో వరుసగా రాసి పంపాలి. గడువు దాటితే మార్చడానికి ఉండదు. వినీల మొదట విదేశాంగం పెట్టుకుంది. గడువు ఇంకొక్క రోజే. ముందు పంపేసి ఊళ్ళోవాళ్ళకు తర్వాత చెప్పొచ్చు కదా అన్నది తల్లి మస్తానమ్మ. వినీల అప్పటికే సైకిలు బయటికి తీసింది.

పెంచలప్రసాద్ తన రొయ్యల గుంట గట్టున మేత బస్తాలు దించిస్తున్నాడు. మొత్తం విన్నాడు.

"అంటే కలెక్టరు కావా పాపా?"

"కాను మావా. ర్యాంకు వచ్చినా కాను."

"ఈడ మా చేలు ఎండిపోతావుంటే, నువ్వు బోయి తెల్లోళ్ళతో టీ తాగతావా?"

"తాగతా. వాళ్ళ జైల్లో మనోడుంటే ఆ టీ తాగే బయటికి తేవాల."

"మరి నీళ్ళో?"

"కలెక్టరైనా నన్ను సొంత జిల్లాకి వెయ్యరు మావా. నా మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికే వచ్చినా."

ఆయన ఆమెను తిట్టాడు, హజరత్తయ్యను తిట్టాడు, ఢిల్లీని తిట్టాడు. ఆమె కదలకుండా విన్నది. గుంటలో రొయ్యలకు గాలి అందించే చక్రాలు తిరుగుతూ నీళ్ళను తెల్లటి పువ్వుల్లా విసురుతున్నాయి. చివరికి ఆయన ఒక బస్తా మీద కూలబడ్డాడు.

"మన రొయ్యల్ని ఆ దేశాలోళ్ళు వెనక్కి కొడతా వుండారే, అదన్నా నీ కిందికి వస్తాదా?"

"మాట్లాడే పని వస్తాది. ఆర్డరెయ్యడం రాదు."

"ఆర్డర్లు చూసినాంలే. ఆఫీసర్ల జీపు మలుపు తిరిగేదాకే," అని లేచి బండి తాళం తీశాడు. "పద. నువ్వొక్కదానివే చెప్తే నమ్మరు."

చివరి చేల రైతుల ఇళ్ళు పన్నెండూ తిరిగారు. మూడో ఇంట్లో ఆయన, ఈ పాప ఒక దేశం మొత్తానికి కలెక్టరు అవుతుందని చెప్పాడు. కాదని ఆమె అక్కడే సరిదిద్దింది. కౌలుకు చేసే రెబెక్కమ్మ మాత్రం మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. వినీల గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాల్సిందంతా చెప్పింది. కాసేపటికి లోపలినుంచి "విన్నాలే" అని వినిపించింది. ఆ మాటలో మన్నింపు లేదు, తలుపు మూసిన చప్పుడూ లేదు. దాంతోనే ఆమె ముందుకు కదిలింది.

ఆఖరి ఇంటి అరుగు మీద కూర్చుని ఫోను తీసింది. సర్వీసుల వరుసను పైనుంచి కిందికి మరోసారి చదివింది. కళ్ళజోడు లేని పెంచలప్రసాద్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"అది పైనే వుందా?"

"పైనే వుంది మావా," అని వినీల పంపేసింది.