మొగుడికి తగ్గిన జబ్బు

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమెను అందరూ కాలరమ్మ అనేవాళ్లు. పనిలో ఎంత చురుకో మాటలోనూ అంతే. సూపర్‌వైజర్ కేకలేస్తే, "అరుపులతో కుట్టు పడదు సార్, దారం ఇప్పించండి" అనేది.

ఇంట్లో మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. పొద్దున్నే ఎదురొస్తే అత్త, "గొడ్డుదాని మొహం చూశాను, ఇవాళెట్లా గడుస్తుందో" అనేది. మోటారు షెడ్డులో మెకానిక్కయిన మొగుడు ఆ మాట వింటూనే తాపీగా అన్నం తినేవాడు.

ఉన్నట్టుండి పొత్తికడుపులో నొప్పి పట్టుకుంది. పెడల్ తొక్కుతుంటే లోపల ఎవరో మెలిపెట్టినట్టుండేది. తెల్లబట్ట కూడా ఎక్కువైంది. ఆడవాళ్లకి మామూలే కదా అని సర్దుకుంది. చివరికి ఒళ్లు కాలిపోయే జ్వరంతో మిషన్ మీదే వాలిపోతే, పక్క మిషన్ అక్క ఆసుపత్రిలో చేర్చింది.

డాక్టరమ్మ దూదిపుల్లతో లోపలి స్రావం తీసి పరీక్షకు పంపింది, స్కానింగ్ చేయించింది. ఫలితం వచ్చాక తలుపు మూసి చెప్పింది.

"గనేరియా అమ్మా. కలయికతో అంటుకునే క్రిమి. మగవాళ్లకి ఒంటేలు మంట, చీము వచ్చి త్వరగా బయటపడుతుంది. ఆడవాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. లోలోపల పైకి పాకుతుంది."

"తగ్గుతుందా?"

"ఇంజెక్షన్‌కీ మాత్రలకీ క్రిమి చస్తుంది. దెబ్బతిన్న గర్భనాళాలు మాత్రం బాగుపడవు. పిల్లలు కష్టమే. మీ ఆయనకీ వైద్యం జరగాలి, లేకపోతే నీకు మళ్లీ అంటుకుంటుంది."

ఇంటికెళ్లి చెప్తే మొగుడు నవ్వాడు. "దీనికింత రాద్ధాంతమా? మంట పుట్టినప్పుడల్లా నేనో సూది వేయించుకుంటాను, తగ్గిపోతుంది."

"ఎన్నిసార్లు?"

"లెక్క పెట్టుకున్నానా? పెళ్లాన్ని కూడా తీసుకురమ్మని డాక్టరు ప్రతిసారీ గోల పెట్టేవాడు. ఎలా చెప్పమంటావ్, నా పరువేం కాను?"

ఆమె అత్త వైపు తిరిగింది. "విన్నారా అత్తయ్యా?"

"కొత్తగా వినేదేముంది? చీము మరకల బట్టలు ఉతికింది నేనేగా."

"మరి గొడ్డుదని నన్నంటారేం?"

"నిన్ను కాక నా కొడుకుని అంటానా?"

వారం తిరక్కుండా కాలరమ్మే ఎక్కడో రోగం తగిలించుకొచ్చిందని వీధంతా పాకింది. ఫ్యాక్టరీలో ఆమె తాగిన గ్లాసు ఎవరూ ముట్టలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లిన అక్క కూడా మిషన్ మార్పించుకుంది. మొగుడు విడాకులిచ్చి మరో సంబంధం కుదుర్చుకున్నాడు.

ఆమె ఉండబట్టలేక పెళ్లికూతురి ఇంటికెళ్లింది. "పెళ్లి ఆపమనట్లేదమ్మా. ముందు అతనికి పరీక్ష చేయించండి, అంతే."

"కడుపుమంటతో వచ్చావు, పో" అని పిల్ల తల్లి తలుపేసేసింది. పెళ్లి జరిగిపోయింది.

ఏడాది దాటాక, ఇంకా వదలని నొప్పికి మందు కోసం వెళ్లి ఆడవాళ్ల వార్డు బెంచీ మీద కూర్చుంది కాలరమ్మ. క్రిమి ఎప్పుడో పోయింది, నొప్పి మిగిలింది. పక్కన ఒక పిల్ల పొత్తికడుపు పట్టుకుని వంగిపోయి ఉంది. వెనకాల ఆ పిల్ల తల్లి. అప్పుడు తన మొహాన తలుపేసిన మనిషేనని కాలరమ్మ గుర్తుపట్టింది.

"మీకూ ఇక్కడేనా అక్కా నొప్పి?" అడిగింది పిల్ల.

"ఇక్కడే. మీ ఆయనకీ మందు పడందే నీకు తగ్గదమ్మా, డాక్టరమ్మతో…"

"దాంతో నీకేం మాటలే?" అంటూ తల్లి కూతురి రెక్క పట్టి లేపి, చివరి బెంచీకి లాక్కెళ్లింది.