ఏరి పక్కన పెట్టిన తుపాకి

మా మనవరాలి భర్త మిలిటరీలో స్నైపర్, దూరాన్నుంచి గురిచూసి కాల్చేవాడు. పెళ్లయి ఏడాదైనా "బాగున్నారా" దాటి మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాకు మొహమాటం, అతనికి అంతకన్నా ఎక్కువ. సెలవు అయిపోయి రేపు వెళ్లిపోతున్నాడు.

ఈ రోజు కల్లంలో నేను మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు ఏరుతుంటే, వచ్చి తనూ కూర్చున్నాడు. మంచి కాయలు కూడా తాలు కుప్పలో వేస్తున్నాడు. అది చెప్పలేక, అతని తుపాకి సంగతి అడిగాను.

"మొదట్లో స్నైపర్ రైఫిల్ అని విడిగా లేదు తాతగారూ. మామూలు రైఫిళ్లే కాల్చి చూసి, గురి తప్పనివి ఏరి, దుర్భిణి బిగించేవాళ్లు. ప్రత్యేకంగా తయారుచేయడం తర్వాతొచ్చింది."

"మేమూ అంతే బాబూ. మేలైన కాయలు ఏరి విత్తనానికి ఉంచేవాళ్లం. ప్యాకెట్లు తర్వాతొచ్చాయి."

"ఏదీ, ఎలా ఏరాలో చూపించండి."

పొద్దుగూకేదాకా చూపించాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ, "అమ్మయ్య, ఇద్దరికీ నోళ్లున్నాయి!" అంది.

అతను లేచి వెళ్లాక తాలు కుప్పలోంచి మంచి కాయలన్నీ వెనక్కి ఏరుకున్నాను. అంత దూరాన గురిచూసేవాడికి, మంచి కాయలు తాలులో వేశాడన్న మాట రేపు బస్సెక్కే ముందు చెప్పమంటారా, వద్దంటారా?