పర్పుల్ టాంగాకు నేను చేసిన మేలు

ఒక మనిషికి చెడు చేయాలంటే పగ ఉండాలి, తెలివి ఉండాలి, కాస్త తీరికైనా ఉండాలి. ఇవేవీ లేకుండా, ఉత్త అభిమానంతో ఒక గొప్ప గిటారిస్టు కొలువు ఊడగొట్టిన ఘనత నాది. అదెలా జరిగిందో దాచకుండా చెబుతాను. మీరు నవ్వండి, పరవాలేదు. నాకు నవ్వు రావడానికి మాత్రం పదేళ్ళు పట్టింది.

డెబ్బైల మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్ళు. నాంపల్లిలో మా పెద్దబాపు ఇంట్లో, అంటే మా నాన్నకు అన్న ఇంట్లో, ఉంటూ ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తాగిరీ చేసేవాణ్ణి. పెద్దబాపు ఇంకో దఫ్తరులో హెడ్ క్లర్కు. ఆయనకు ఈ లోకంలో లక్క సీలు మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు. ఇంట్లో ఊరగాయ జాడీకి లక్క, బీరువాకు లక్క. ఒకసారి మా చెల్లెళ్ళు రికార్డు ప్లేయర్ స్పీడు మీటను డెబ్బై ఎనిమిది అంకె దాకా తిప్పేసరికి, ఆయన ప్రాణంగా చూసుకునే భజన రికార్డులో పాడే పెద్దాయన గొంతు ఉడుత గొంతైపోయింది. ఇరవై నిమిషాల భజన ఎనిమిది నిమిషాల్లో మంగళహారతికి వచ్చేసింది. ఆ సాయంత్రమే పెద్దబాపు కొవ్వొత్తి వెలిగించి, మీటను ముప్పై మూడు అంకె దగ్గర పెట్టి, లక్క పోసి, పైన ముద్ర కొట్టారు.

"ఇగ దీన్ని ఎవరన్న ముట్టుకున్నరో, సర్కారు ఖజానా ముట్టుకున్నట్టే!" అన్నారు.

పెద్ద రికార్డులు ముప్పై మూడు మీద మెల్లగా తిరగాలి, చిన్న రికార్డులు నలభై ఐదు మీద వేగంగా తిరగాలి. ఈ సంగతి మీకు నేను చెప్పాను. మీరు అదృష్టవంతులు. నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల కుప్పలో నాకొక చిన్న రికార్డు దొరికింది. అట్ట మీద ఊదారంగు టాంగా ఒకటి, దాని చక్రాల్లోంచి సుడులు తిరిగే రంగులు, పక్కన జులపాల జుట్టుతో నలుగురు. సైకెడెలిక్ రాక్ అంటారని, మత్తెక్కించే విలాయతీ బాణీ అని అమ్మేవాడు చెప్పాడు. బిళ్ళ మీద కాగితం వానకు తడిసి పాట పేరు చెరిగిపోయింది. మిగిలింది రెండే ముక్కలు: బ్యాండు, ది పర్పుల్ టాంగా. గిటార్, కృపాకర్.

ఇంటికి తెచ్చి పెట్టాను. అబ్బ! ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తే. గిటార్ తీగ ఒకటి మోగి, మోగి, ఇక ఆగిపోతుందని మనం అనుకునేదాకా మోగి, అప్పుడు రెండో తీగకు చోటిచ్చేది. డ్రమ్ము దెబ్బకూ దెబ్బకూ మధ్య సగం గ్లాసు నీళ్ళు తాగొచ్చు. కళ్ళు మూసుకుంటే హుస్సేన్ సాగర్ మీద ఒక్కటే మబ్బు, ఎక్కడికీ పోవాలని లేని మబ్బు, ఎండ రంగు తాగుతూ కదులుతున్నట్టు ఉండేది. ఆ పాటకు నేనే 'సాయంత్రపు మబ్బు' అని పేరు పెట్టుకున్నాను. ఆరు నెలలు రోజూ విన్నాను. దఫ్తరులో ఫైళ్ళ మీద కూడా నాకు మబ్బులే కనిపించేవి.

ఒకరోజు వెనక నుంచి పెద్దబాపు గొంతు వినిపించింది. "ఎవరిదిరా నర్సిగా ఇది? ఏ స్వామీజీది?"

"స్వామీజీ కాదు పెద్దబాపూ, కృపాకర్ అని..."

"ఎవరన్న గానీ. మల్ల వెయ్."

వాకబు చేస్తే, ఆ బ్యాండు అబిడ్స్‌లోనే ఒక ఇరానీ హోటల్లో శనివారం సాయంత్రాలు వాయిస్తుందని తెలిసింది. ఇంత దగ్గరుండి వినలేదేమని అడుగుతారా? శనివారం సాయంత్రం మా ఇంట్లో భజన. తాళం పట్టేది నేను. అందుకని ఒక మంగళవారం పోయి మనిషిని మాత్రం కలిశాను.

కృపాకర్‌ది మెదక్. ముప్పై ఏళ్ళుంటాయి. మూల బల్ల దగ్గర చాయ్ తాగుతున్నాడు. ఆయన మాట కూడా ఆ పాటలాగే ఉంది.

"నా రికార్డు... నువ్వు... కొన్నవా తమ్మీ?"

"కొన్న అన్నా. రోజు వింట."

ఆయన తన చాయ్ సగం సాసర్లో పోసి నా ముందుకు జరిపాడు. "పదకొండేండ్ల సంది వాయిస్తున్న. కొన్నోన్ని... ఇదే మొదటిసారి చూసుడు." తర్వాత చల్లగా చెప్పాడు. వచ్చే శనివారం కుర్చీలు నిండకపోతే బ్యాండు బంద్ అని హోటల్ సేఠ్ ఖరారుగా చెప్పేశాడట. "మా అన్న మెదక్ల మిషన్ దవాఖానల క్లర్కు నౌకరి చూసిండు. గిటార్ను ట్రంకుపెట్టెల పెట్టి... పోవుడే."

అంత మబ్బును వేళ్ళల్లో పెట్టుకున్న మనిషి మందు సీసాల లెక్క రాయడమా? ఆవేశంగా లేచాను. "కుర్చీల ఫికర్ నువ్వు చెయ్యకన్నా. నేను నింపుత!"

అన్నాను గానీ నాకు తెలిసిన జనం ఎవరు? పెద్దబాపు భజన మండలి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, పదహారు మంది పెద్దమనుషులను, నామాలతో, భుజాల మీద శాలువాలతో, శనివారం సాయంత్రం నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిపించుకుపోయాను. భజన మానుకుని రావడానికి వాళ్ళకు నేను చెప్పింది ఒకటే మాట, ఈ సంగీతం వింటే ధ్యానం దానంతటదే కుదురుతుందని.

సేఠ్ గల్లా దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. "ఏంది మియా, పెండ్లి బారాత్ తెచ్చినవా?"

నేను పట్టించుకోలేదు. అందరికీ చాయ్ చెప్పించి, మైకు ముందు నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. "పెద్దలారా, కళ్ళు మూసుకోండి. మీ ఎదుట ఒక సరస్సు. దాని మీద ఒక మబ్బు. ఆ మబ్బుకు తొందర లేదు. మన ఊపిరి కూడా అలాగే..." పదహారు జతల కళ్ళు మూతపడ్డాయి. నా వెనక డ్రమ్ముల మనిషి కృపాకర్ వైపు అయోమయంగా చూశాడు. కృపాకర్ మర్యాదస్తుడు. మైకు తీసుకున్నాడు.

"థాంక్స్ తమ్మీ. ఈ పాట పేరు... 'బెదిరిన గుర్రం'. నాంపల్లి టేషన్ కాడ... రైలు కూతకు బెదిరి... ఒక టాంగా గుర్రం ఉరికింది. దాని మీద కట్టినం."

మహా కళాకారుడు, ఏదో చమత్కారం చేస్తున్నాడనుకున్నాను. అప్పుడు డ్రమ్ము మోగింది.

గుర్రం నిజంగానే బెదిరింది. బల్లల మధ్య నుంచే ఉరికింది. పదహారు మంది ఒక్కసారి కళ్ళు తెరిచారు, పదహారు చాయ్‌లు పదహారు తెల్ల ధోవతుల మీద ఒలికాయి. ఒకాయన శాలువా ఫ్యాన్‌కు చుట్టుకుని ఆయన తల మీదే తిరుగుతోంది. ఇంకొకాయన కుర్చీ ఎక్కి రామనామం అందుకున్నాడు.

పెద్దబాపు నా చెవి పట్టుకుని అరిచారు. "మబ్బన్నవ్ గదరా! పిడుగు పడ్డది!"

నేను భూమిలోకి కుంగిపోతుంటే సేఠ్ చేతులు చాపుకుంటూ వచ్చాడు. "వారెవ్వా! ఒలికిన చాయ్‌లకు మల్ల పదహారు చాయ్‌లు చెప్పిన్రు! భయం తగ్గనీకి ఉస్మానియా బిస్కెట్లు అడిగిన్రు! బ్యాండు ఉంటది మియా, పక్కా ఉంటది!"

చూశారా? అక్కడితో పని అయిపోయింది. కృపాకర్ కొలువు నిలిచింది. బుద్ధి ఉన్నవాడైతే దేవుడికి దండం పెట్టుకుని ఇంటికి పోయి పడుకునేవాడు.

కానీ కృపాకర్ నన్ను వదల్లేదు. "తమ్మీ... ఆ మబ్బు ఏడికెల్లి తెచ్చినవ్?" అన్నాడు. నేను అబద్ధాలకోరును కానని రుజువు చేసుకోవద్దా? అప్పటికప్పుడే ఇంటికి తీసుకుపోయి రికార్డు పెట్టాను. ఆయన వంగి లక్క సీలును చూశాడు. మీటను చూశాడు. నన్ను చూశాడు.

"ఇది నలభై ఐదు మీద తిరగాలె తమ్మీ. నువ్వు ముప్పై మూడు మీద..."

"అంటే?"

"అంటే ఆర్నెల్ల సంది... నువ్విన్నది నా పాట కాదు."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. రికార్డు ప్లేయర్ పక్కన నేల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తీగ మోగింది, ఆగి ఆగి మోగింది. కిటికీలోంచి నాంపల్లి రైళ్ళ చప్పుడు కూడా ఆ సాయంత్రం మెల్లగానే వచ్చింది. పాట అయిపోయాక ఆయన రెప్పలు తడిగా ఉన్నాయి.

"ఇది వాయించింది నేనేనా?"

"నువ్వు గాదు బిడ్డా," అన్నారు మా వెనకే ఇల్లు చేరిన పెద్దబాపు, ధోవతి మీది చాయ్ మరక తుడుచుకుంటూ. "నా లక్క."

"పదకొండేండ్లు ఉరికిన," అన్నాడు కృపాకర్. "ఇట్ల మెల్లగ నడవచ్చని... ఎవ్వరు చెప్పలే."

అప్పుడు నా నోటి నుంచి ఆ దిక్కుమాలిన సలహా వచ్చింది. "వచ్చే శనివారం ఇట్లనే వాయించన్నా!"

వాయించాడు. ఆ సాయంత్రాన్ని నేను వర్ణించలేను, అయినా ఊరుకోలేను. నా బతుకులో అంత అందమైన రెండు గంటలు మళ్ళీ రాలేదు. ధోవతులు ఉతుక్కుని పదహారు మందీ మళ్ళీ వచ్చారు. సినిమాకు పోతూ చాయ్‌కి ఆగినవాళ్ళు సినిమా మరిచిపోయారు. కృపాకర్ గిటార్ మీద ఒక్కొక్క స్వరం మీగడలా కట్టేది. హోటలంతా కళ్ళు మూసుకుంది. ట్రే పట్టుకున్న వెయిటరు కూడా అడుగు తీసి అడుగు వేయడం మానేశాడు. నా పక్కన పెద్దబాపు చేతి వేళ్ళు బల్ల మీద తాళం వేస్తూ వేస్తూ ఆగిపోయాయి. నేను ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు?

పాట ఆగాక సేఠ్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బ్యాండు బంద్."

"ఏంది సేఠ్! చూడున్రి, ఒక్క కుర్చీ ఖాళీ లేదు!"

"గదే గదా ముసీబత్! ఒక్కొక్క చాయ్, రెండేసి గంటలు! ఎవ్వడు లేస్తలేడు, ఎవ్వడు తింటలేడు. సమోసాలు చల్లగైనయ్. బయట గిరాకీ నిలబడి నిలబడి పోయింది!"

"మరి సంగీతం గొప్పగ లేదా సేఠ్?"

"గొప్పదే! నేను గల్లా మీద కూసోని ఏడ్చిన! ఇట్ల వారం వారం ఏడిస్తే హోటల్ ఎవరు నడుపుతరు?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు కూడా వేయలేదు, ఉత్త పొగడ్తే వేశాను. సోమవారం పొద్దున కృపాకర్‌ను మెదక్ బస్సెక్కించాను. గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. క్షమించమని అడగబోయాను. ఆయనే కిటికీలోంచి నా చెయ్యి నొక్కి వదిలేశాడు.

నెల తర్వాత కార్డు వచ్చింది. "తమ్మీ, పొద్దుమీకి దవాఖాన వరండాల గిటార్ వాయిస్తున్న. మెల్లగనే. నొప్పులతోని నిద్ర పట్టనోళ్ళు నిద్రపోతున్నరు. ఈడ జనం కళ్ళు మూసుకుంటే డాక్టరమ్మ ఖుషీ అయితది."

ఆ కార్డు చదివి పెద్దబాపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను మాత్రం స్నానం చేసి, తూర్పుకు తిరిగి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఏ కళాకారుడు నచ్చినా నాలో నేనే మెచ్చుకుంటాను. ఆగలేకపోతే తలుపులు వేసుకుని మెచ్చుకుంటాను. అంతేగానీ, అతనికి జీతమిచ్చే మనిషిని ఏడిపించేంతగా మాత్రం చచ్చినా మెచ్చుకోను.