సంతకం లేని పేజీ

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన మరుసటి ఏడాది సంగతి ఇది. అప్పటికి నేను పలాసలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. కాశీబుగ్గ బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక బట్టల కొట్టు పైన మేడగది. ఒక నల్లబల్ల, ఎనిమిది బెంచీలు. కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చిన వాసన. పొద్దున డిగ్రీ పిల్లలు, సాయంత్రం ఫ్యాక్టరీల నుంచీ కొట్ల నుంచీ వచ్చేవాళ్లు.

నేను చెప్పేది పెద్ద విద్యేమీ కాదు. ఇంగ్లీషులో మనవాళ్లు తరచూ తారుమారు చేసే మాటలు కొన్ని ఉన్నాయి. బారో అంటే అడిగి తీసుకోవడం, లెండ్ అంటే ఇవ్వడం. పెన్ను అడగబోయి ఇస్తామని చెప్పి వచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. హియర్ అంటే మాట చెవిన పడటం, లిజన్ అంటే చెవి పెట్టి వినడం. వీటికి నేను జతమాటలని పేరు పెట్టుకున్నాను. వాటితోపాటు వారానికి పది ఇడియమ్స్, అంటే మన జాతీయాల్లాంటివి. ఒంట్లో నలతగా ఉంటే అండర్ ద వెదర్ అంటారని చెబితే, ఎండకీ వానకీ నలతకీ ఏమిటి సంబంధమని క్లాసంతా నన్ను నిలదీసేది.

నాకో పద్ధతి ఉండేది. దాని మీద కొంచెం గర్వం కూడా ఉండేది. నోటుపుస్తకంలో ప్రతి పేజీ అడుగునా ఒక గడి గీయించేవాణ్ణి. ఆ రోజు నేర్చుకున్నది ఇంట్లో ఎవరో ఒకరికి ఒప్పజెప్పి, ఆ గడిలో వాళ్లచేత సంతకం పెట్టించుకు రావాలి. వినేవాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు, నోరు తిరిగితే చాలు. శనివారం పుస్తకాలు చూసి, గడి ఖాళీగా ఉంటే ఎంతటివాళ్లనైనా నిలబెట్టేవాణ్ణి. ఒకసారి ఒక రిటైరైన హెడ్మాస్టరు గారిని కూడా నిలబెట్టాను.

ఆ ఏడాది సాయంత్రం బ్యాచ్‌లో నీలవేణి చేరింది. మందస దగ్గర పల్లె. ముప్పై ఐదేళ్లుంటాయి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని. నీకెందుకమ్మా ఇంగ్లీషు అని అడిగాను.

"మా మావకి కిడ్నీలు పోనాయి సారూ. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెల్తన్నాను. కాయితాలన్నీ ఇంగ్లీసే. డాక్టర్లు నా ఎదరే మాటాడుకుంతారు, నాకేటీ తెల్దు."

మావ అంటే ఆమె భర్త కూర్మారావు. మా ఉద్దానం ప్రాంతంలో ఊరూరా కిడ్నీ రోగులే, ఆ మాట వస్తే ఎవరూ ఇంకేమీ అడగరు. ఒంట్లో రక్తాన్ని మిషను చేత శుభ్రం చేయించే డయాలసిస్ గురించి మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేనూ ఇంకేమీ అడగలేదు.

ఆ మిషను పక్కన నాలుగు గంటలు కూర్చోవాలి. నీలవేణి పాఠం అక్కడే ఒప్పజెప్పేది. ఆమెలాగే అతనిదీ పదో తరగతి చదువే. ఎడమ చేతికి సూదులుండేవి కాబట్టి ఆమె పుస్తకం పట్టుకుంటే కుడి చేత్తో సంతకం పెట్టేవాడు. తెలుగులో, వంకరటింకరగా. ఊరికే పెట్టేవాడు కాదు, అర్థాలన్నీ అడిగేవాడట. గడువు సంపాదించుకోవడాన్ని బయింగ్ టైమ్ అంటారని నేను చెప్పిన మర్నాడు ఆమె క్లాసంతటినీ నవ్వించింది.

"టైము కొంతారా? ఏ సంతలోనే, కోటబొమ్మాళి సంతలోనా అన్నాడు సారూ మా మావ!"

నేనూ నవ్వాను. అంత చలాకీ మనిషికి అంత జబ్బేమిటని లోపల బాధ కూడా పడ్డాను.

ఒక సోమవారం క్లాసు అయిపోయాక నీలవేణి ఆగిపోయింది. అందరూ మెట్లు దిగాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"విశాఖలో పెద్ద డాక్టరికి సూపించమన్నారు సారూ. ఆయన్ని ఒక మాట అడగాల. ఇంగ్లీసులో రాసియ్యండి, బట్టీ పట్టేత్తాను."

"ఏం మాట?"

గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఇంకెన్నాళ్లుంటాడని."

"తెలుగులోనే అడగొచ్చు కదమ్మా. ఆయనా తెలుగువాడే అయ్యుంటాడు."

"మావ పక్కనే కూకుంతాడు కదా సారూ. బయటికెల్లమంటే తెలిసిపోద్ది. రోగం మనిసి ముందర ఆ మాట మా ఊళ్లో ఎవులూ అనరు. నాను మాత్రం తెలుసుకోవాల. పిల్లలున్నారు."

హౌ మచ్ టైమ్ డస్ హి హేవ్, డాక్టర్? అని ఆమె నోటుపుస్తకం చివరి పేజీలో రాసిచ్చాను. డాక్టరు చెప్పగలిగిన జవాబులు కూడా నాలుగైదు రాసి, వాటి కింద తెలుగు అర్థాలు రాశాను. పేజీ నిండిపోయింది. ఆమె నా ముందే మూడుసార్లు తప్పు లేకుండా ఒప్పజెప్పింది. ఇన్నాళ్లకు నా చదువు ఒకరికి అక్కరకు వచ్చిందనుకుని ఆ సాయంత్రం తృప్తిగా ఇంటికి వెళ్లాను.

శనివారం వచ్చింది. నా ముందు పుస్తకాల దొంతర. నీలవేణి పుస్తకంలో చివరి పేజీ గడి ఖాళీగా ఉంది.

"నిలబడమ్మా. సంతకం ఏది?"

లేచి నిలబడింది. నా మొహంలోకి చూసింది. "మర్సిపోనాను సారూ."

"నియమం అందరికీ ఒకటే. సోమవారానికి పెట్టించుకు రా."

నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో అది ఏ పేజీనో నేను చూడలేదు. పద్దెనిమిదేళ్లుగా నా చూపు తిన్నగా పేజీ అడుక్కే పోయేది. పైన ఉన్నది నా చేతిరాతే. సోమవారం గడిలో సంతకం ఉంది. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, పుస్తకం ఇచ్చేశాను.

తర్వాత రెండు వారాలు ఆమె రాలేదు. వచ్చిన రోజు క్లాసు మొదలవక ముందే వచ్చి, బెంచీ చివర కూర్చుంది. విశాఖలో ఏం చెప్పారని అడిగాను.

తడబడకుండానే అడిగిందట. డాక్టరు ఒకసారి కూర్మారావును చూసి, ఆమెకు ఇంగ్లీషులోనే జవాబు చెప్పాడు. మహా అయితే ఆరు నెలలు, ఇప్పుడు మేం చేస్తున్నదంతా బయింగ్ టైమ్ అన్నాడు. కూర్మారావు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. అతనికి తెలియలేదని ఆమె ఊపిరి పీల్చుకుంది. తిరుగు ప్రయాణంలో రైలు కోటబొమ్మాళి స్టేషన్లో ఆగింది. అతను కిటికీలోంచి ఊరి వైపు చూసి కొంచెం నవ్వాడు.

"ఆ తర్వాత నా వైపు తిరిగి, సారు నేర్పినట్టే అడిగినావు, ఒక్క తప్పూ నేదు, సారుకి సెప్పు అన్నాడు. సెప్తన్నాను సారూ."

అతనికెలా తెలిసిందమ్మా అని అడిగాను.

"పైనంతా సెయ్యడ్డెట్టి సంతకం పెట్టమంటే, ఈ ఒక్కసారికి సదవకుండా పెట్టేత్తాడనుకున్నాను. నా సేతిలోంచి పుత్తకం లాక్కోని సాలాసేపు సూసినాడు. ఏటీ అన్నేదు, తెలీనేదనుకున్నాను. విశాఖ ఎల్లినప్పుడు నానేటి అడుగుతానో తెలిసే నా పక్కన కూకున్నాడు."

"ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా, ఈ పేజీకి సంతకం కుదరదని?"

"అంతమంది ముందర ఎలా సెప్తాను సారూ? మీరు సారు కదా."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఒక మనిషికి తెలియకూడదని ఆమె అంత కష్టపడి పరభాషలో దాచుకున్న మాటను, ఆ మనిషి చేతికే ఇచ్చి చదివించింది నేను. క్షమించమని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు. ఆ రోజు క్లాసు చెప్పలేక అందర్నీ పంపేశాను.

కూర్మారావు ఆరు నెలలు కూడా ఉండలేదు. కర్మలన్నీ అయ్యాక నీలవేణి ఒకసారి వచ్చి నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టింది.

"ఇది మీకాడే ఉంచండి సారూ. ఇంక ఎవులికి ఒప్పసెప్తాను?"

నాకు ఒప్పజెప్పమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు నా విద్యార్థుల పుస్తకాల్లో గడి లేదు. ఎవరినీ అందరి ముందూ నిలబెట్టను. పని కాకపోతే క్లాసయ్యాక పక్కకు పిలిచి ఎందుకు కాలేదో అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్న నేను ఆ శనివారం అడిగి ఉంటే చాలు. వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదే, నేర్చుకున్న తీరు మాత్రం ఎవరికీ రాకూడదు.

ఆమె పుస్తకం ఇంకా నా సొరుగులోనే ఉంది. చివరి పేజీని నేను సరిగ్గా చూసింది ఆమె వెళ్లిపోయాకే. అంతకు ముందు పేజీలన్నిటి మీదా కూర్మారావు సంతకం తెలుగులో ఉంది. ఆ ఒక్క పేజీ మీద మాత్రం ఇంగ్లీషులో, అక్షరం అక్షరం విడివిడిగా, పూర్తి పేరు రాశాడు. దాని పక్కనే నా ఎర్ర టిక్కు ఉంది.