అంటు అన్నది నేనే

ఇన్నేళ్లుగా ఒక్క మాటను మోస్తున్నాను. రెండక్షరాల మాట. ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి లేచిపోతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది చిత్తూరు దగ్గర మామిడితోటల ఊరు. సుగుణక్క నా తోడికోడలు, మా బావ భార్య. కాన్పుల తర్వాత ఆమెకు గర్భసంచి జారింది. ఎవరికీ చెప్పకుండా, చీర బిగించి కట్టుకుని, ఏళ్ల తరబడి కాయల గంపలు మోసింది. ఇక నడవలేని రోజు వచ్చాక నాకు చెప్పింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తరోజులు అవి. డిగ్రీ చదివిన కోడలిని కదా, తిరుపతిలో ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. జారినదాన్ని పైకి నిలబెట్టడానికి లోపల మెష్ పెడతారట. సన్నని ప్లాస్టిక్ దారంతో అల్లిన ముక్క. కొందరిలో అది కండను ఒరుసుకుని బయటికి తేలుతుంది, రక్తం, చెడు నీరు కారతాయి, అప్పుడు వెంటనే వస్తే ఆ ముక్కను కత్తిరిస్తాం, ఇదంతా ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పమంది.

నేను సగమే చెప్పాను. "మామిడికి కొమ్మతో కొమ్మ కలిపి అంటు కడతాం సూడక్కా, అట్లాంటిదే. నీ ఒంట్లో కలిసిపోతాది" అన్నాను. సుగుణక్క నవ్వింది. మిగతాది చెబితే భయపడి ఇంటికి వచ్చేస్తుందనుకున్నాను. అదొక్కటే కారణమా? కాదు. కోతల నాటికి ఆమె లేచి తిరగకపోతే కూలీలందరికీ నేనొక్కదాన్నే వండి పెట్టాలి. నిజం అది.

ఆపరేషన్ అయి ఏడాది తిరిగాక చెడు నీరు మొదలైంది. వాసన. కూర్చుంటే నొప్పి. దగ్గరికి వచ్చిన మొగుడికి ఏదో గీసుకుని రక్తం వచ్చింది. లోపల ఏముందని అడిగాడు. పాపం, ఆమెకు తెలిసిన మాట ఒకటే. అంటు అంది.

బావ విన్నది మామిడి అంటు కాదు. అంటురోగం.

మర్నాడు నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆస్పత్రికి నువ్వే గదమ్మా పొయ్యింది. దానికి లోపల అంటుండాదంట. నిజమేనా?"

"నిజమే బావా."

"పిల్లోళ్లుండే ఇల్లు గదమ్మా ఇది!"

నా జవాబు విని నేనే బిత్తరపోయాను. అందులో అబద్ధం లేదు. అదే నన్ను చంపుతోంది. అది రోగం కాదు, ప్లాస్టిక్ ముక్క, ఆస్పత్రికి పోతే తీసేస్తారు అని అంటే సరిపోయేది. కానీ అలా అంటే, ఇది జరగొచ్చని తెలిసి ముందే ఎందుకు చెప్పలేదని అందరూ నా మీద పడతారని, అంత చదువుకుని ఇంత పని చేసిందంటారని, నా పరువు కోసం ఒక మనిషిని అలా వదిలేశాను. నాలుక ఎందుకు లేవలేదు? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా ఇంతకన్నా మంచి కారణం దొరకలేదు.

ఆ సాయంత్రానికే ఆమె మంచం కాయలు పోసే కొట్టంలోకి పోయింది. కంచం వేరు, చెంబు వేరు. మొదట్లో పిల్లల్ని ఆమె దగ్గరికి పోనివ్వలేదు. తర్వాత తనకున్నది అంటురోగమేనని నమ్మి ఆమే రానివ్వలేదు. నేను అన్నం తీసుకుపోతే, "దూరంగా పెట్టిపో పాపా, నీకంటుకుంటాది" అనేది. నాతో అనేది!

ఆస్పత్రికి పోయొచ్చినా తగ్గలేదు కాబట్టి మందులేని రోగమని ఎవరూ మళ్లీ ఆస్పత్రి ఊసెత్తలేదు. కొన్నేళ్లకు జ్వరం పట్టుకుంది. తగ్గలేదు. పోయింది.

శవానికి నీళ్లు పోయడానికి ఒక్క ఆడమనిషి ముందుకు రాలేదు. నేను కొంగు దోపుకుని తలారా పోశాను. పసుపు రాశాను, చీర కట్టాను. గుమ్మం బయట నిలబడ్డవాళ్లు సొంత చెల్లెలు కూడా ఇట్లా చెయ్యదన్నారు. మా అత్త నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఎంత ధైర్యమో అని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ధైర్యమా? అది అంటురోగం కాదని ఊరంతటిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషిని నా చేతులతోనే సాగనంపాను. ఆ రోజు గుమ్మం బయటివాళ్లకు చెప్పనిది మీకు చెప్పేశాను, కాస్త ఊపిరి ఆడుతోంది. ఇంకొక్కటి మిగిలింది. అంతా తెలిసీ, ఎవరికీ అనుమానం రాకూడదని, ఆ కొట్టంలో నేను కూడా కంచాన్ని దూరంగానే పెట్టేదాన్ని.