ఎవరూ తుడవని పామ్ ఆకులు

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు థర్మామీటర్ పెట్టి చూడమనే మనిషిని నేను. దెయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకేమైనా అర్థమైతే సంతోషం.

మాది జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్. మా మామగారి కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. మా ఆయన టాటానగర్ యార్డులో వేగన్లు పరీక్షించే ఉద్యోగం చేసేవారు. మాకు ఒక్కతే కూతురు, సంధ్య. కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది.

మా ఇంటి వెనకే రైలు పట్టాలు. బొగ్గు వేగన్లు పొద్దస్తమానం వెళుతూనే ఉంటాయి. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. మా ఇంట్లో తులసి తప్ప ఏ మొక్కా బతకలేదు. మూడు మనీప్లాంట్లు ఎండిపోయాక, ఒకరోజు మా ఆయన ఆటోలో రెండు ప్లాస్టిక్ పామ్ మొక్కలు వేసుకొచ్చారు. మనిషెత్తు ఉన్నాయి. తెల్లటి కుండీలు, లోపల సిమెంటు, పైన గులకరాళ్ళు.

"ఏటండీ ఇది? మనదేటి పెళ్ళి హాలా?" అన్నాను.

"నీళ్ళడగదు, ఎండడగదు, నీలాగ సణగదు. ఇంకేటి కావాలే?" అన్నారు.

సోఫాకి అటొకటి, ఇటొకటి పెట్టారు. వాటికి నప్పాలని ఆకుపచ్చ సోఫా కవర్లు కుట్టించారు. నేను ఎగతాళి చేసేదాన్ని గానీ, నిజం చెప్పాలంటే గదికి కళ వచ్చింది. ప్రతి ఆదివారం పాత బనియన్ తడిపి, ఆకు కింద అరచెయ్యి పెట్టి, మొదలు నుంచి కొసదాకా ఒక్కో ఆకునీ తుడిచేవారు. గంటన్నర పని. తాగిన గ్లాసు కూడా కడగని మనిషి!

కిందటేడు వానాకాలంలో ఓ పొద్దున ఛాతీలో మంటగా ఉందన్నారు. గ్యాస్ అనుకుని వాము నీళ్ళిచ్చి పడుకోమన్నాను. గంట గడిచినా తగ్గకపోతే ఆస్పత్రికి బయల్దేరాం. దారిలోనే పోయారు.

పన్నెండో రోజు భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందూ సంధ్య అనేసింది. "అమ్మ ఆ గంట ముందు తీసుకెల్లుంటే నాన్న బతికీవోడు."

ఆ మాట నాకు నేనే రోజూ చెప్పుకుంటున్నాను. కానీ కన్నకూతురి నోట, పదిమందిలో వినడం వేరు. సిగ్గుతో చచ్చిపోయాను, దానిమీద కోపంతో మండిపోయాను కూడా.

ఆ రోజుతో మా మధ్య మాటలు ఆగిపోయాయి. అవసరమైతే నేను తెలుగులో అడిగేదాన్ని, అది హిందీలో ఒక్క ముక్క జవాబు చెప్పేది. ఎవరి కంచం వాళ్ళదే, ఎవరి వేళ వాళ్ళదే. నెలాఖరుకి గోవింద్‌పూర్‌లో మేనత్త ఇంటికి వెళ్ళిపోతానంది. అక్కడే ఉండి చదువుకుంటుందట. ఉన్న ఒక్క పిల్ల కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనెందుకని లోలోపల కుమిలిపోయాను. ఉండమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ పామ్ మొక్కల్ని ముట్టుకోడానికి నాకు చేతులాడేవి కావు. దుమ్ము పడితే పడనీ అని వదిలేశాను. ఓ ఆదివారం మధ్యాహ్నం చూద్దును కదా, ఆకులు తళతళలాడుతున్నాయి. మళ్ళీ ఆదివారం కూడా అంతే. పక్కనే ఉన్న ఫ్రిజ్ మీద దుమ్ము, ఆ కుండీల్లోని రాళ్ళ మీదా దుమ్ము. ఆకుల మీద మాత్రం లేదు.

సంధ్యే నాకు కనబడకుండా తుడుస్తోందనుకున్నాను. నోటితో అనలేక ఇలా చెబుతోందేమో అనిపించి నా మనసు కరిగిపోయింది. ఆ సాయంత్రం చేపల పులుసు వండి పిలిచాను. వచ్చి పక్కన కూర్చుని తింది. కొన్నాళ్ళకి నా మోకాళ్ళ నొప్పికి మందు తెచ్చి నా మంచం మీద పెట్టింది. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. అది బట్టలు సర్దలేదు, నేను అడగలేదు.

మధ్యలో ఒకసారి ఇంటికి రెండు రోజులు తాళం పడింది. నేను పర్సుడీహ్‌లో తమ్ముడింటికి వెళ్ళాను, అది పరీక్ష రాయడానికి రాంచీ వెళ్ళింది. ఆదివారం మధ్యాహ్నం ముందుగా నేనే వచ్చి తాళం తీశాను. నేలంతా దుమ్ము, అందులో ఒక్క అడుగు జాడ లేదు. ఆకులు మాత్రం కడిగినట్టున్నాయి. తాళం చెవులు రెండే, ఒకటి నా దగ్గర, ఒకటి సంధ్య దగ్గర. పనిమనిషి లేదు. అప్పుడే ఆలోచించాల్సింది. వెళ్ళేముందు తుడిచి ఉంటుందిలే అని ఊరుకున్నాను.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఓ ఆదివారం ఇద్దరం అన్నం తింటుంటే, ఇక ఉండబట్టలేక అన్నాను. "మీ నాన్నకన్నా బాగా తుడుత్తన్నావే ఆకులు. నానేటీ అనకపోయినా సూత్తన్నాను."

సంధ్య ముద్ద కలపడం ఆపి నా వైపు చూసింది.

"మై కహా పోంఛ్‌తీ హూ?" అంది. నేనెక్కడ తుడుస్తున్నాను అని. నా మొహం చూసి తెలుగులోకి దిగింది. "నువ్వే కదమ్మా! నువ్వు తుడుత్తన్నావనే నేను అత్త ఇంటికి ఎల్లలేదు. నాన్నంటే ఇంత ప్రేమున్న మనిషి తెలిసి తెలిసి ఆ గంట ఆగదు అనుకున్నాను."

ఎంగిలి చేతులతోనే లేచి వెళ్ళి చూశాం. ఆకులు శుభ్రంగా ఉన్నాయి. ఫ్యాను గాలికి దుమ్ము పోతోందేమో అనుకుంటే, అదే గాలి ఫ్రిజ్ మీదికీ వీస్తుంది. పైగా ప్లాస్టిక్ దుమ్ముని ఇంకా ఎక్కువ లాక్కుంటుందని సంధ్య చెప్పింది. ఇద్దరికీ భయం వేయలేదు, అదీ నాకు వింతే. అక్కడే నిలబడి, "గ్యాస్ అనుకున్నానే తల్లీ, నిజంగా గ్యాసే అనుకున్నాను" అన్నాను.

"తెలుసమ్మా" అంది. నా భుజం మీద తల పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం ఆకుల మీద దుమ్ము ఉంది. సన్నగా, నల్లగా, అన్నిటి మీదా సమానంగా. వేలితో రాస్తే అంటుకుంది.

ఆ నాలుగు నెలలూ ఎవరు తుడిచారో నాకు తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా తేలలేదు. ఆయన పోయిన రోజు అందరూ ఏడవమని బతిమాలినా నాకు కన్నీళ్ళు రాలేదు. ఆ ఆదివారం, ఆ దుమ్ము చూసి, కుండీ పక్కన కూలబడి గుండె పగిలేలా ఏడ్చాను.